ఆస్పత్రిలో 160, ఇంట్లో 142: ఏ బీపీని నమ్మాలి, మాత్ర మొదలెట్టాలా?

47 ఏళ్ల వయసు. మామూలు పరీక్షల కోసం వెళ్తే బీపీ 160/98 అన్నారు. వారం తిరిగాక చూస్తే 156/96. ఇంట్లోకి యంత్రం కొనుక్కుని చూసుకుంటే ఒకసారి 131, ఒకసారి 150, ఎక్కువసార్లు 142 చుట్టుపక్కల. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, మెట్లెక్కితే ఆయాసం లేదు. డాక్టరు మాత్ర రాశారు. ఒకసారి మొదలెడితే ఇక మానడానికి లేదట కదా అన్న భయంతో చీటీ ఇంకా జేబులోనే ఉంది. ఏ కొలత నిజం, బాగానే ఉన్నవాడికి మందెందుకు, మొదలెడితే జీవితాంతమేనా? ఇవీ మీరు అడిగినవి.

నేను 22 ఏళ్లుగా జనరల్ ఫిజీషియన్‌ని. ఆరేళ్లుగా నేనూ బీపీ మాత్ర వేసుకుంటున్నాను. రాసేవాడినీ మింగేవాడినీ నేనే కాబట్టి మీ జేబులో చీటీ సంగతి నాకు కొత్తేమీ కాదు. నా చీటీ నాలుగు నెలలు సొరుగులో పడుంది. అది నేనే రాసుకున్న చీటీ కూడా కాదు, సాటి డాక్టరు తిట్టి మరీ రాసిచ్చింది.

ముందు ఆ అంకెల సంగతి చూద్దాం. మీ యంత్రం చెడిపోలేదు. 131 నిజమే, 150 కూడా నిజమే. బీపీ అనేది ఎత్తులాగా ఒకసారి కొలిచి రాసిపెట్టుకునేది కాదు. గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది, ప్రతిసారీ ఒత్తిడి కొంచెం మారుతూనే ఉంటుంది. నిద్రలో పదో వంతో, ఇంకొంచెం ఎక్కువో తగ్గుతుంది, తెల్లవారి లేచేసరికి ఎగబాకుతుంది. ఎవరితోనైనా వాదించినా, పరుగున వచ్చి కూర్చున్నా, చలిలో నిలబడినా పెరుగుతుంది. ఇదంతా రోగం కాదు, ఆరోగ్యంగా ఉన్న ఒంటి లక్షణమే. ఏ పనీ లేకుండా తీరిగ్గా కూర్చున్నప్పుడు కూడా సగటున ఎక్కువగానే ఉండిపోతే, అప్పుడు దాన్ని అధిక రక్తపోటు అంటాం. అందుకే ఒక్క కొలత చూసి భయపడకూడదు. ఒక్క మంచి కొలత చూసి సంబరపడనూకూడదు. రెండో తప్పే జనం ఎక్కువగా చేస్తారు. పదిసార్లు చూసుకుని అందులో తక్కువ వచ్చిందే రాసుకొచ్చేవాళ్ళు నా దగ్గరికి వారానికి ఒకరైనా వస్తారు.

ఇంతకీ ఈ 120, 160 ఏమిటి? గుండె ముడుచుకుని రక్తాన్ని తోసినప్పుడు ధమనుల గోడల మీద పడే ఒత్తిడి పై సంఖ్య. రెండు దెబ్బల మధ్య గుండె సేదదీరేటప్పుడు మిగిలి ఉండే ఒత్తిడి కింది సంఖ్య. కొలమానం పాదరసం ఎత్తు, మిల్లీమీటర్లలో. పాదరసం నీటికంటే 13.6 రెట్లు బరువు కాబట్టి లెక్క వేసి చూడండి: 120 అంటే 163 సెంటీమీటర్ల నీటి స్తంభం, అంటే నిలువెత్తు మనిషంత. మీ 160 అంటే ఏడడుగులు దాటిన నీటి స్తంభం. మీ గుండె ప్రతి దెబ్బకూ అంత ఎత్తుకు ఎత్తుతోంది. ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే మతాచార్యుడు గుర్రం ధమనిలో గొట్టం గుచ్చి, రక్తం ఎనిమిది అడుగుల పైచిలుకు ఎత్తుకు లేచిందని 1733లో అచ్చువేశాడు. లోకంలో మొదటి బీపీ రీడింగు అదే. మన అదృష్టం కొద్దీ 1896లో ఇటలీ డాక్టరు రివా-రోచి చేతికి చుట్టే పట్టీని తెచ్చాడు, 1905లో రష్యా డాక్టరు కొరొత్కోవ్ ఆ పట్టీ కింద స్టెతస్కోపు పెట్టి వినడం నేర్పాడు. ఆస్పత్రుల్లో ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది.

ఆ నీటి స్తంభం లెక్క ఊరికే చెప్పలేదు. పట్టీ చుట్టిన చెయ్యి గుండె కంటే పది సెంటీమీటర్లు కిందికి వేలాడితే కొలత ఏడెనిమిది పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. ఎందుకంటే ఆ పది సెంటీమీటర్ల రక్తం బరువు కూడా లెక్కలో కలుస్తుంది. చెయ్యి పైకెత్తితే అంతే తక్కువ చూపిస్తుంది. ఆస్పత్రిలో మీ చెయ్యి ఎక్కడ ఉందో ఒకసారి గుర్తుతెచ్చుకోండి. ఒళ్ళో వేలాడుతోందా, బల్ల మీద ఆని ఉందా? కొలుస్తుండగా "ఎన్నాళ్ళ నుంచి వస్తున్నారు, ఏం చేస్తుంటారు" అని అడిగితే జవాబు చెప్పారా? మాట్లాడితే చాలు, పది పాయింట్ల దాకా పెరుగుతుంది. మూత్రం ఆపుకుని కూర్చున్నా అంతే. కాలు మీద కాలు వేసుకున్నా, వీపుకు ఆనుడు లేకుండా స్టూలు మీద కూర్చున్నా కొంత కలుస్తుంది. చొక్కా చెయ్యి పైకి బిగించి మడిచినా తప్పే, చొక్కా మీదే పట్టీ చుట్టినా తప్పే. ఇక లావు చేతికి చిన్న పట్టీ చుట్టడం అన్నిటికంటే పెద్ద మోసం: లేని బీపీని పుట్టిస్తుంది. పట్టీ మీద ఎంత చుట్టుకొలత చేతికి సరిపోతుందో ముద్రించి ఉంటుంది. భుజానికీ మోచేతికీ మధ్యలో చేతి చుట్టూ టేపు పెట్టి కొలుచుకుని చూడండి. మణికట్టు యంత్రాలను, చేతి గడియారాలను మందు నిర్ణయానికి నేను ఒప్పుకోను. పై చేతికి కట్టుకునేదే కావాలి.

ఇంట్లో కొలుచుకునే తీరు చెబుతాను, అచ్చంగా ఇలాగే చెయ్యండి. పొద్దున్న లేచి, మూత్రానికి వెళ్ళొచ్చి, ఏమీ తినకముందు, కాఫీ టీలు తాగకముందు, మాత్రలు వేసుకునేవాళ్ళయితే వేసుకోకముందు, వీపు ఆనించే కుర్చీలో కూర్చోండి. పాదాలు రెండూ నేలకు ఆనాలి, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తున ఉండాలి. ఫోను పక్కన పెట్టి అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి. ఈ అయిదు నిమిషాలే ఎవరూ పాటించరు, నేను కూడా మొదట్లో పాటించలేదు. అప్పుడు ఒకసారి కొలిచి, నిమిషం ఆగి మళ్ళీ కొలవండి. రెండూ రాసుకోండి. సాయంత్రం కూడా అంతే. ఇలా ఏడు రోజులు. మొదటి రోజు కొలతలు కొట్టేసి మిగతా 24 కొలతల సగటు తీయండి. మొదటి రోజు కుతూహలమో కంగారో ఉంటుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోం. మొట్టమొదటిసారి మాత్రం రెండు చేతులకూ కొలిచి, ఏ చేతికి ఎక్కువ వస్తే ఆ తర్వాత ఎప్పుడూ ఆ చేతికే చూసుకోవాలి. రెండు చేతులకూ తేడా ప్రతిసారీ 15కు మించి ఉంటే డాక్టరుకు చెప్పండి, దానికి వేరే కారణం వెతకాలి.

ఆ సగటు 135/85 గానీ, దాటి గానీ ఉంటే అధిక రక్తపోటు అన్నమాట. ఆస్పత్రి కొలతకు గీత 140/90. ఇంటి గీత కాస్త కిందికి ఉండటానికి కారణం, ఇంట్లో మనిషి నిదానంగా ఉంటాడు. అమెరికా గుండె సంఘాలు 2017లో ఈ గీతను 130/80కి దించేశాయి, యూరప్ వాళ్ళు 140/90 దగ్గరే ఉంచారు. అందుకే ఒక డాక్టరు "మీకు బీపీ ఉంది" అని, ఇంకొకరు "పరవాలేదు, కనిపెట్టి ఉందాం" అని అంటే అందులో కుట్రేమీ లేదు. గీత ఎక్కడ గీసినా ప్రమాదం ఆ గీత దగ్గర మొదలవదు. 40 నుంచి 69 ఏళ్ల మధ్యవాళ్ళలో 115/75 నుంచే లెక్క మొదలవుతుంది. పై సంఖ్య ప్రతి 20 పెరిగినప్పుడు, లేదా కింది సంఖ్య ప్రతి 10 పెరిగినప్పుడు పక్షవాతంతోనో గుండెజబ్బుతోనో చనిపోయే ముప్పు సుమారు రెట్టింపవుతూ పోతుంది. పది లక్షల మంది వివరాలను కలిపి చూసిన విశ్లేషణలో 2002లో తేలిన సంగతి ఇది.

ఆస్పత్రిలో ఎక్కువగా ఉండి, ఇంట్లో మామూలుగా ఉండేవాళ్ళు ఉన్నారు. తెల్లకోటు బీపీ అంటాం. వాళ్ళకు వెంటనే మందు అక్కర్లేదు గానీ, ఏడాదికోసారైనా చూసుకుంటూ ఉండాలి, కొందరిలో అది తర్వాత అసలు బీపీగా మారుతుంది. దీనికి తలకిందుల రకం ఇంకా చెడ్డది: ఆస్పత్రిలో 128 ఉండి, ఇంట్లోనూ పనిచేసే చోటా 145 ఉండేవాళ్ళు. వాళ్ళకు ఎవరూ ఏమీ చెప్పరు, అందుకే నష్టం జరిగిపోతుంది. మీరు ఈ రెండిట్లో ఏదీ కాకపోవచ్చు. ఇంట్లో కూడా 142 చుట్టూ తిరుగుతోందంటే, ఆస్పత్రి కంగారు పదిహేను పాయింట్లు కలిపినా, తీసేశాక మిగిలింది కూడా గీత పైనే ఉంది. ఏడు రోజుల లెక్క చేశాక ఇంకా సందేహం ఉంటే, 24 గంటలు నడుముకు కట్టుకునే బీపీ యంత్రం ఉంటుంది, నిద్రలో కూడా కొలుస్తుంది. దాని సగటు 130/80 దాటితే ఇక వాదన లేదు.

ఇప్పుడు "నాకేమీ లేదు కదా" అన్న మాట. మీ అంకెలు చూడగానే నాకు ఒక మనిషి గుర్తొచ్చాడు. 1937లో అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ బీపీ 162/98. మీ 160/98కి రెండు పాయింట్లు తేడా. అప్పటి వైద్యం లెక్కలో ఆ వయసుకు అది పెద్ద విషయం కాదు, మందూ లేదు. 1941కి 188/105 అయింది. 1944 మార్చిలో గుండె డాక్టరు హోవర్డ్ బ్రూన్ చూసేసరికి గుండె పెద్దదై, నీరు పట్టి ఉంది. ఉప్పు తగ్గించమన్నారు, విశ్రాంతి తీసుకోమన్నారు, గుండెకు డిజిటాలిస్ ఇచ్చారు; బీపీని దింపే మంచి మందు అప్పట్లో లేదు. 1945 ఏప్రిల్ 12న తల వెనక భరించలేని నొప్పి అన్నాడు. అప్పుడు కొలిస్తే 300/190. మెదడులో రక్తస్రావమై ఆ మధ్యాహ్నమే పోయాడు, 63 ఏళ్లకు. తలనొప్పి వచ్చింది చివరి రోజున, అంతకుముందు ఎనిమిదేళ్లు అంకెలు మాత్రమే చెబుతూ వచ్చాయి.

మీకూ అలా అవుతుందని భయపెట్టడానికి కాదు ఇది. ఆయన చుట్టూ డాక్టర్లు ఉన్నారు గానీ మాత్ర లేదు, మీ జేబులో ఆ మాత్ర చీటీ ఉంది, అంతే చెప్పదలచుకున్నాను. క్లోరోథయజైడ్ అనే మొదటి మంచి మాత్ర వచ్చింది 1950ల చివర్లో. మందు ప్రాణం కాపాడుతుందా అని గట్టిగా తేల్చింది 1967లో అచ్చయిన అమెరికా మాజీ సైనికుల ఆస్పత్రుల పరీక్ష. కింది సంఖ్య 115 నుంచి 129 ఉన్న 143 మందిని తీసుకున్నారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 70 మందిలో 27 మందికి పెద్ద ప్రమాదాలు ముంచుకొచ్చాయి, అసలు మందు వేసుకున్న 73 మందిలో ఇద్దరికే. వైద్యంలో ఇంత తేడా చూపించిన పరీక్షలు చాలా తక్కువ. మీ బీపీ అంత తీవ్రం కాదు కాబట్టి మీకు లాభం అంత కొట్టొచ్చినట్టు ఉండదు. తర్వాతి పరీక్షలన్నీ కలిపి చూస్తే, పై సంఖ్య 10 తగ్గితే పక్షవాతం నాలుగో వంతు పైగా, గుండె బలహీనపడటం కూడా అంతే, మొత్తంగా పెద్ద గుండె, రక్తనాళాల ప్రమాదాలు అయిదో వంతు తగ్గుతాయి.

లోపల జరిగేది ఏమిటంటే, ఎదురొత్తిడికి తోసి తోసి గుండె గోడ మందమవుతుంది. కండ పెరిగితే మంచిదే కదా అనుకోకండి, మందమైన గోడ సరిగ్గా సాగదు. చిన్న ధమనుల గోడలు గట్టిపడి ఇరుకవుతాయి, దాంతో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. కిడ్నీల్లో వడపోత జల్లెళ్ళు దెబ్బతిని మూత్రంలో అల్బుమిన్ అనే మాంసకృత్తు పోవడం మొదలవుతుంది. కిడ్నీ పాడైతే బీపీ పెరుగుతుంది, బీపీ పెరిగితే కిడ్నీ పాడవుతుంది, ఏది ముందో చెప్పలేని స్థితి వస్తుంది. వీటిలో ఏ ఒక్కటీ నొప్పి పుట్టించదు. పైగా మెదడు, ఒళ్ళు ఎక్కువ ఒత్తిడికి అలవాటు పడిపోతాయి. "మాత్ర వేసుకున్నాక నీరసంగా ఉంది, మానేస్తే హుషారుగా ఉంది" అని చాలామంది అంటారు. మొదటి రెండు మూడు వారాలు అది నిజమే. 160కి అలవాటుపడ్డ ఒంటికి 130 తక్కువగా అనిపిస్తుంది. ఆ కొన్ని వారాలు ఓర్చుకుంటే సర్దుకుంటుంది. నేను నా మాత్రను రెండో వారంలోనే తిట్టుకున్నాను, ఆరో వారానికి దాని సంగతే మర్చిపోయాను.

"వయసుకు 100 కలిపితే అంత బీపీ ఉండొచ్చు" అనే లెక్క ఇంకా తిరుగుతోంది. అది తప్పు. వయసుతో పెరగడం మామూలుగా కనబడుతుంది గానీ తప్పనిసరి కాదు. 1988లో అచ్చయిన ఇంటర్‌సాల్ట్ అధ్యయనంలో బ్రెజిల్ అడవుల్లోని యనొమామి జనం సగటు బీపీ 96/61 ఉంది, వయసు మీదపడినా పెరగలేదు. వాళ్ళ తిండిలో ఉప్పు దాదాపు లేదు, లావు లేదు, మద్యం లేదు. మనం వాళ్ళలా బతకలేం, నిజమే. కానీ పెరిగే బీపీలో కొంత భాగం మన చేతిలో ఉందని దాన్నిబట్టి తెలుస్తుంది.

నూటికి 90 మందికి పైగా బీపీకి ఫలానా అని ఒక్క కారణం దొరకదు. వంశం, ఉప్పు, బరువు, వయసు అన్నీ తలా ఒక చెయ్యి వేస్తాయి. అయినా నేను ప్రతి కొత్త రోగినీ కొన్ని ప్రశ్నలు అడుగుతాను, మీరూ మీకు మీరే అడుక్కోండి. మోకాళ్ళ నొప్పికో నడుం నొప్పికో రోజూ ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకుంటున్నారా? అవి నీటినీ ఉప్పునూ ఒంట్లో నిలబెట్టి బీపీని పెంచుతాయి, మందుల పని కూడా చెడగొడతాయి. ముక్కు దిబ్బడ మాత్రలు, స్టెరాయిడ్లు, గర్భనిరోధక మాత్రలు, అతిమధురం కూడా అంతే. గట్టిగా గురకపెట్టి, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తారా? మీకు తెలియదు, పక్కన పడుకునేవాళ్ళను అడగండి. నిద్రలో ఊపిరి ఆగే జబ్బుంటే మాత్రలు ఎన్ని వేసినా బీపీ ఒక పట్టాన దిగదు. రక్తంలో పొటాషియం తక్కువగా ఉంటే అడ్రినల్ గ్రంథి ఆల్డోస్టిరోన్ హార్మోను ఎక్కువగా విడుదల చేస్తోందేమో చూడాలి, ఇది మేం అనుకున్నదానికంటే ఎక్కువమందికి ఉంటుంది, మా డాక్టర్లమే వెతకం. ముప్పై లోపు వయసులో బీపీ వచ్చినా, ఏళ్ల తరబడి అదుపులో ఉన్నది హఠాత్తుగా తప్పినా కారణం కోసం గట్టిగా వెతకాలి.

మాత్ర లేకుండా ఎంత దింపొచ్చు అనేది మీ అసలు కోరిక అనుకుంటాను. కొంచెం కాదు, బాగానే దింపొచ్చు. ఉప్పు రోజుకు అయిదు గ్రాముల్లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట, అంటే అంచుకు సమానంగా నింపిన టీ చెంచాకు కొంచెం తక్కువ. ప్రపంచంలో సగటు మనిషి తినేది దానికి రెట్టింపు. ఉప్పుడబ్బా దాచేస్తే పని అయిపోయిందనుకోకండి, ప్యాకెట్లలో, రొట్టెల్లో, సాసుల్లో, ఊరబెట్టినవాటిలో దాగి ఉన్నదే చాలామందికి ఎక్కువ. ఒకేసారి మానేస్తే చప్పదనానికి పదో రోజున ఓడిపోతారు. వారానికి కొంచెం చొప్పున తగ్గిస్తే నాలుక కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. ఉప్పు తగ్గించడం ఎంత ముఖ్యమో పొటాషియం పెంచడం అంతే ముఖ్యం, అది పండ్లు, కూరగాయలు, పప్పుల్లో ఉంటుంది. 1997 నాటి డాష్ పరీక్షలో అలాంటి భోజనంతో, బరువు తగ్గకుండానే, బీపీ ఉన్నవాళ్ళకు పై సంఖ్య సుమారు 11 తగ్గింది. ఒక మాత్రకు తీసిపోని పని అది. చైనాలో 600 గ్రామాల్లో దాదాపు 21,000 మందితో చేసిన పరీక్ష 2021లో వచ్చింది: ఉప్పులో నాలుగో వంతు సోడియం తీసి పొటాషియం కలిపిన ఉప్పు వాడినవాళ్ళలో పక్షవాతాలు 14 శాతం తగ్గాయి. అయితే కిడ్నీ జబ్బున్నవాళ్ళు, పొటాషియం పెంచే మందులు వాడేవాళ్ళు డాక్టరును అడగకుండా ఆ ఉప్పు ముట్టుకోకూడదు, రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది.

ఒక కిలో బరువు తగ్గితే సుమారు ఒక పాయింటు. వారానికి 150 నిమిషాలు గబగబా నడిస్తే అయిదు దాకా. మద్యం ఎంత తాగితే అంత పెరుగుతుంది, తగ్గిస్తే వారాల్లో దిగుతుంది. పొగతాగడం బీపీని ఆ నిమిషానికే పెంచుతుంది గానీ, బీపీ దెబ్బతీసే అవే రక్తనాళాలను ఇంకో వైపు నుంచి దెబ్బతీస్తుంది. రెండూ ఉన్నవాడికి మాత్ర సగం కాపలాయే. ఇక టెన్షన్. "టెన్షన్ వల్లేనండీ, అది పోతే బీపీ పోతుంది" అని రోజూ వింటాను. అప్పటికప్పుడు పెంచుతుంది, నిజమే. ఏళ్ల తరబడి నిలిచే బీపీకి దాన్నొక్కదాన్నే కారణం చేసి, అది తగ్గేదాకా మందు ఆపేయడం మాత్రం నాకు నచ్చదు. జీవితంలో టెన్షన్ తగ్గే రోజు కోసం ఎదురుచూస్తూ కిడ్నీలు పోగొట్టుకున్నవాళ్ళను చూశాను.

మీ విషయంలో నా అభిప్రాయం సూటిగా: ఏడు రోజుల సగటు 135 నుంచి 140 మధ్య ఉండి, షుగరు లేక, కిడ్నీలు, గుండె బాగుంటే మూడు నెలలు పైవి మనసుపెట్టి చేసి మళ్ళీ చూడమని అడగడం న్యాయమే, మీ డాక్టరు కూడా ఒప్పుకోవచ్చు. అంతకంటే ఎక్కువ ఉన్నా, షుగరో కిడ్నీ తేడానో కనబడినా, మాత్రా ఈ మార్పులూ రెండూ కలిపి మొదలెట్టండి. ఒకటి చేసి చూసి ఇంకోటి అనేది అక్కడ పనికిరాదు.

మాత్రల గురించి తొందరగా చెప్పేస్తాను, ఏది వేసుకోవాలన్నది మిమ్మల్ని చూసిన డాక్టరు తేల్చాల్సింది. ఎక్కువగా రాసేవి మూడు తెగలు. రక్తనాళాలను వదులు చేసే ఆమ్లోడిపిన్ లాంటివి, కొందరికి చీలమండలు వాస్తాయి. ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి, కొందరికి పొడిదగ్గు వస్తుంది. దగ్గు పడనివాళ్ళకు టెల్మిసార్టన్, లోసార్టన్ ఉన్నాయి. ఈ "ప్రిల్" మందుల పుట్టుక బ్రెజిల్ పాము జరారాక విషం నుంచి. ఆ విషంలో ఒత్తిడిని దింపే పదార్థాన్ని చూసి, దాని పోలికతో మనుషులు మాత్ర తయారుచేశారు. మూడోవి ఉప్పును మూత్రంలో బయటికి పంపే క్లోర్‌థాలిడోన్, ఇండపమైడ్ లాంటివి. వీటితో సోడియం, పొటాషియం చూస్తూ ఉండాలి. రెండో తెగ మందులు గర్భంతో ఉన్నవాళ్ళు, గర్భం కోరుకునేవాళ్ళు వాడకూడదు, బిడ్డకు హాని. గర్భంలో బీపీ పూర్తిగా వేరే కథ, 20 వారాలు దాటాక 140/90 వచ్చిందంటే అదే రోజు చూపించుకోవాలి.

"మొదటే రెండు మందులు రాశారు, అంటే నాది బాగా ముదిరిందా?" అని భయపడతారు. కాదు. సగం డోసుతోనే ఒక మందు పూర్తి డోసు చేసే పనిలో అయిదింట నాలుగు వంతులు చేసేస్తుంది, దుష్ఫలితాలు మాత్రం డోసుతో పాటు ఎగబాకుతాయి. అందుకే ఒకదాన్ని రెట్టింపు చేయడంకంటే రెండు చిన్న డోసులు కలపడం మేలు. పొద్దున్న వేసుకోవాలా రాత్రా అనే వాదన కూడా నడిచింది. బ్రిటన్లో 21,000 మందితో చేసిన టైమ్ పరీక్ష 2022లో తేడా లేదని తేల్చింది. రోజూ మర్చిపోకుండా ఏ వేళ కుదురుతుందో ఆ వేళే మంచిది. ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, మరుసటి రోజు వేళ దగ్గరపడితే వదిలేయండి, రెండు కలిపి మింగకండి. ఆమ్లోడిపిన్ పూర్తి పట్టు రావడానికి వారం పైన పడుతుంది, రెండో రోజు కొలిచి "పనిచెయ్యలేదు" అనకండి.

జీవితాంతమేనా? చాలామందికి అవును. కానీ జనం అనుకునే కారణం వల్ల కాదు. మాత్ర ఒంటికి అలవాటైపోయి మానలేని స్థితి రాదు. కళ్ళజోడు పెట్టుకుంటే అక్షరాలు కనబడతాయి, తీసేస్తే మళ్ళీ మసకే. దానికి కళ్ళజోడును తప్పుపట్టం. మాత్ర వేసుకున్నందుకు 126 వచ్చింది, అది నయమైందని కాదు. 126 చూసి మానేసినవాళ్ళకు కొన్ని వారాల్లో మళ్ళీ పాత అంకెలు వస్తాయి. పది, పదిహేను కిలోలు తగ్గినవాళ్ళు, మద్యం మానేసినవాళ్ళు ఉంటారు, వాళ్ళకు డోసు తగ్గించి, కొందరికి పూర్తిగా ఆపి, ఇంటి కొలతలు చూస్తూ వెళ్తాం. నా అంతట నేను ఇలా మాన్పించినవాళ్ళు ఉన్నారు. గుండె వేగాన్ని తగ్గించే అటెనొలాల్ లాంటి బీటా బ్లాకర్లు, క్లోనిడిన్ అనే ఇంకో బీపీ మందు మాత్రం టపీమని ఆపితే బీపీ, గుండె వేగం ఎగదన్నుతాయి, వాటిని మెల్లగానే దింపాలి.

ఎంతకు తేవాలంటే, మీ వయసుకు 130 లోపు మంచి లక్ష్యం, తట్టుకోగలిగితే. 2015 నాటి స్ప్రింట్ పరీక్షలో 120 లోపుకు తెచ్చినవాళ్ళలో ప్రమాదాలు నాలుగో వంతు తగ్గాయి, అయితే కళ్ళు తిరిగి పడటాలు, కిడ్నీ తేడాలు పెరిగాయి. ఆ పరీక్షలో కొలత కూడా అయిదు నిమిషాలు కూర్చోబెట్టి యంత్రంతో తీసిందే, హడావిడి ఓపీ కొలత కాదు. పెద్దవాళ్ళ సంగతి వేరు: లేచి నిలబడినప్పుడు బీపీ పడిపోతుందేమో చూసి, నిదానంగా దింపాలి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే కూర్చున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డ ఒకటి, మూడు నిమిషాలకు ఒకసారి కొలిచి పెట్టుకోండి.

ఒకరోజు యంత్రం 180 చూపించిందనుకోండి. అయిదు నిమిషాలు కూర్చుని మళ్ళీ చూడండి. ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం, మాట ముద్దగా రావడం, మూతి వంకర, ఒక చెయ్యి కాలు పట్టు తప్పడం, చూపు మసకబారడం, మునుపెన్నడూ లేని తలనొప్పి, తికమక లేదా మూర్ఛ, వీటిలో ఏదున్నా ఆ నిమిషమే అత్యవసర విభాగానికి. ఏదీ లేకపోతే అది ప్రమాదఘంటిక కాదు, ఒకటి రెండు రోజుల్లో డాక్టరును కలిసి మందు సరిచేయించుకోవాలి. అదనంగా మాత్రలు మింగి అప్పటికప్పుడు దింపే ప్రయత్నం వద్దు. ఒకప్పుడు నాలుక కింద నిఫెడిపిన్ పెట్టి గబుక్కున దింపేవాళ్ళం, నా సీనియర్లు కొందరు నా కళ్ళెదుట చేశారు. ఎక్కువ ఒత్తిడికి అలవాటుపడ్డ మెదడుకు ఒక్కసారిగా రక్తం తగ్గి పక్షవాతాలు వచ్చాయి, ఆ పద్ధతి మానేశాం.

మాత్ర మొదలెట్టే ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, సోడియం, పొటాషియం, షుగరు, కొలెస్టరాల్, మూత్రంలో అల్బుమిన్, ఒక ఈసీజీ చేయించుకోండి. ఏడు రోజుల కాగితంలో మంచి అంకె, చెడ్డ అంకె అని ఏరకుండా 28 కొలతలూ ఉండాలి. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ కాగితంతో పాటు మీ యంత్రాన్నీ, పట్టీనీ సంచిలో వేసుకెళ్ళండి. అక్కడ వాళ్ళ యంత్రం, మీ యంత్రం ఒకే చేతికి ఒకటి తర్వాత ఒకటి పెట్టి చూడమని అడగండి. అయిదు పాయింట్ల లోపు తేడా ఉంటే ఇక మీ ఇంటి అంకెల మీదే నడవచ్చు. పది దాటితే యంత్రం మార్చుకుని, వారం లెక్క మళ్ళీ మొదటి నుంచి.